పెద్దామెకి మాసిక

చిన్నోడు తన కడుపు కొట్టాడని తీగలాయన ఎవరు దొరికినా చెబుతాడు. టీ కొట్టు దగ్గర చెబుతాడు, బస్సులో పక్క సీటువాడికి చెబుతాడు, మంగలి కుర్చీలో గడ్డానికి నురగ పూయించుకుని మరీ చెబుతాడు. "సొంత బావమరిదండీ. నా పెళ్ళినాటికి వాడికి ముక్కు తుడుచుకోవడం రాదు. నేనే తుడిచేవాణ్ణి. ఇవాళ నన్నే తుడిచిపారేశాడు." విన్నవాళ్ళు అయ్యో అంటారు. నురగ మొహంతో కూర్చున్న మనిషితో ఎవరు వాదిస్తారు? చేతిలో కత్తి ఉన్న మంగలే వాదించడు.

ఆయన చెప్పేదాంట్లో అబద్ధం లేదు. చెప్పకుండా దాటేసేది మాత్రం కొంత ఉంది.

ఆ సోమవారం పొద్దున ఆయన మెషీన్ల గదిలో బకెట్టు ఒంపుతున్నాడు. గదిలో ఉన్న రెండు ఏసీల్లో ఒకటి కారుతుంది. కారేచోట బకెట్టు, బకెట్టు కింద మడత పెట్టిన పాత తువ్వాలు. బట్టల దుకాణం మీద రెండో అంతస్తు అది. గోడకి బిగించిన ఇనప చట్రంలో నాలుగు మెషీన్లు, అంటే పెద్ద సర్వర్ కంప్యూటర్లు, ఒకదాని మీద ఒకటి ఉండేవి. అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా బరువుగా, ఉబ్బసం మనిషిలా రొప్పుతూ ఉండేది పెద్దామె. పైన మూడూ కొత్తవి, చప్పుడు చెయ్యవు. వాటిని కోడళ్ళు అనేవారు. పేర్లు పెట్టింది తీగలాయనే. ఓనరు మొదట్లో నవ్వి, తర్వాత తానూ అలాగే పిలవడం మొదలుపెట్టాడు.

ఆ మెషీన్లలో వాటాలు అద్దెకివ్వడమే కంపెనీ వ్యాపారం. సొంత మెషీను కొనుక్కోలేని చిన్నవాళ్ళు, అంటే టైలర్లు, ట్యూషన్ సెంటర్లవాళ్ళు, చిన్న క్లినిక్కుల డాక్టర్లు, తమ లెక్కలూ ఫొటోలూ రికార్డులూ అక్కడ పెట్టుకునేవారు. ఒక్క పెద్దామెలోనే అరవై వాటాలుండేవి. ఎవరి వాటా వాళ్ళది, ఎవరి తలుపు వాళ్ళది. ఒకప్పుడు ఈ కంపెనీకి తీగలు లాగడానికి వచ్చి, లాగిన తీగల వెంటే తనూ లోపలికి వచ్చేశాడు కాబట్టి ఆయన తీగలాయన అయ్యాడు. చదువు ఎనిమిదో తరగతితో సరి.

చిన్నోడు చేతిలో కాగితంతో తలుపు తట్టి లోపలికి వచ్చాడు. తన కింద పనిచేసేవాడి గది తలుపు తట్టే మేనేజరు వాడొక్కడే. అది మర్యాదో వెక్కిరింతో తేలక తీగలాయనకి ఒళ్ళు మండేది.

"బావగారూ, ఒక్క నిమిషం ఉందాండీ?"

ఇంట్లో అయితే బావా, నువ్వు. ఆఫీసులో బావగారు, మీరు. వాడికి ఆ మార్పు చొక్కా మార్చుకున్నంత సులువు. తీగలాయనకే వాణ్ణి ఆఫీసులో ఏమని పిలవాలో తోచలేదు. తోచక పిలవడమే మానేశాడు. వాడితో పని పడితే దగ్గరికెళ్ళి దగ్గేవాడు.

"కెర్నెల్లో లొసుగు బయటపడిందండీ," అన్నాడు చిన్నోడు. "పొద్దున్నే వచ్చింది కబురు. పెద్దదే. మన నాలుగు మెషీన్లకీ ఉంది."

తీగలాయన కాగితం అందుకున్నాడు. ఇంగ్లీషు ఆయన వేలు పెట్టి చదువుతాడు. కమాండ్ల దగ్గరికి వచ్చేసరికి వేలు అక్కర్లేదు.

కెర్నెల్ అంటే మెషీను అడుగున కూర్చుని తాళాల గుత్తి పట్టుకున్న మనిషి లాంటిది. ఏ వాటావాడు ఏ తలుపు తీసుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో చెప్పేది అదే. ఇప్పుడు తెలిసిందేమిటంటే, ఒకే వాటాలోంచి ఒకే క్షణంలో రెండు పనులు పోటీపడి అడిగితే దానికి తికమక పుడుతుందట. ఆ తికమకలో మొత్తం గుత్తిని అడిగినవాడి చేతిలో పెట్టేస్తుందట. ఇన్నేళ్ళ నుంచీ అలాగే ఉంది, ఎవరూ చూడలేదు. ఇప్పుడు చూశారు, చూసిన సంగతి లోకానికి చెప్పారు. అంటే దొంగలకీ చెప్పినట్టే.

"ముందు ఏదో ఒక వాటాలోకి దూరాలి కదా," అన్నాడు తీగలాయన.

"దూరాలండీ. మన టైలరు గారి పాస్‌వర్డు ఏంటో మీకు తెలుసా?"

"తెలుసు."

"ఏంటి?"

"టైలరు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ముందుగా తీగలాయనే ఆపేశాడు.

"దాన్ని బాగుచేసే ప్యాచ్ కూడా వచ్చేసింది," అన్నాడు చిన్నోడు. "ఇవాళే వేసెయ్యండి. వేసి ఒక్కోదాన్నీ ఆపి లేపండి. కస్టమర్లందరికీ సాయంత్రం నేను మెసేజ్ పెడతాను."

"పెద్దామెని కూడానా?"

"ఆమెకేమైనా అత్తగారి హోదా ఉందాండీ?"

"ఆమె ఆగి మూడేళ్ళు దాటింది."

"నా భయమూ అదేనండీ." చిన్నోడు గొంతు తగ్గించాడు. "లేస్తుందంటారా?"

ఆ ప్రశ్న తీగలాయన గుండెల్లో ఎక్కడ దిగాలో అక్కడ దిగింది. పోయిన నెల ఓనరు ముందు చిన్నోడు ఒక మాట పెట్టాడు. మెషీన్లు మనం పోషించడం దండగ, ఎక్కడో పెద్ద కంపెనీవాళ్ళ దగ్గర అద్దెకి తీసుకుందాం, కరెంటు బిల్లు మిగులుతుంది, ఏసీలు మిగులుతాయి. ఓనరు చాలాసేపు గడ్డం గోక్కుని, "చూద్దాం. పెద్దామె ఒక్కసారి పడకేసిందంటే మాత్రం అద్దెకే పోదాం," అన్నాడు. అద్దె మెషీన్లు ఎక్కడ ఉంటాయో వాటిని అద్దెకి తీసుకున్నవాడికే తెలీదు. వాటి కింద బకెట్టు పెట్టేవాడితో ఎవరికీ పని లేదు. యాభైకి దగ్గరపడ్డ తీగలాయనని, ఎనిమిదో తరగతి మనిషిని, ఇంకో గుమ్మం ఎక్కనిచ్చేవాళ్ళూ లేరు.

"లేస్తుంది. ఎందుకు లేవదు?" అన్నాడు.

మధ్యాహ్నానికి కోడళ్ళ పని అయిపోయింది. ప్యాచ్ వెయ్యడం, ఆపడం, లేపడం. ఒక్కోటీ ఆగి లేచేలోపు ఆయన పక్కనే నిలబడి చట్రం మీద వేళ్ళతో దరువేశాడు. మూడూ బుద్ధిగా లేచాయి. ముగ్గురి తెరల మీదా కెర్నెల్ కొత్త నంబరు చూసుకుని తలూపాడు.

తర్వాత పెద్దామె ముందు పీట వేసుకు కూర్చున్నాడు.

ప్యాచ్ దిగింది, విప్పుకుంది, తన చోట తాను సర్దుకుంది. తెర మీద లైన్లు గబగబా పైకి పాకి, చివరికి ఒక్క లైను మిగిలి ఆగింది. కొత్త కెర్నెల్ పనిలోకి రావాలంటే మెషీనును మళ్ళీ స్టార్ట్ చెయ్యండి.

ఆయన చెయ్యి కీబోర్డు మీదికి వెళ్ళి, వెనక్కి వచ్చింది. మూడేళ్ళ కిందట భవనంలో కరెంటు పనికని ఆపినప్పుడు పెద్దామె ఓ పట్టాన లేవలేదు. లోపల డిస్కు టకటకా కొట్టుకుంది. తలుపు విప్పి, అరచెయ్యి దానికి ఆనించి, నిద్రపోయే పిల్లని తట్టినట్టు పక్కనించి మెల్లగా తడితే అప్పటికి గొంతు సవరించుకుని లేచింది. అప్పుడు గదిలో ఆయన తప్ప ఎవరూ లేరు. ఇప్పుడు అద్దాల తలుపు అవతల చిన్నోడి బల్ల ఉంది.

గుడ్డ ముక్క తీసుకుని కీబోర్డు తుడిచాడు. అక్షరాల మధ్య సందుల్లో గోటితో గుడ్డ దూర్చి తుడిచాడు. తుడిచేది అయిపోయాక తెర వంక చూస్తే ఆ లైను అక్కడే ఉంది.

ఆదివారం చేద్దాం అనుకున్నాడు. ఆదివారం క్లినిక్కులు తెరవరు, ఓనరు రాడు, చిన్నోడు రాడు. మొరాయిస్తే బుజ్జగించడానికి రోజంతా చేతిలో ఉంటుంది. ఐదారు రోజుల్లో కొంపలేం మునుగుతాయి? టైలరు దుకాణం మీద పడి దోచుకునేంత తీరిక ఎవడికుంది?

ఒక్క మాట కొట్టి తెర చెరిపేశాడు. లైను పోయింది.

సాయంత్రం చిన్నోడు తలుపు తట్టి, సగం లోపలికి వంగి అడిగాడు. "అన్నిటికీ వేశారాండీ?"

"వేశాను."

"పెద్దామెకీ?"

"అన్నిటికీ అన్నాక మళ్ళీ పెద్దామెకీ అంటే ఏంటి? విడిగా రాసిచ్చి సంతకం పెట్టాలా?"

"కోప్పడకండి. మెసేజ్ పెట్టాలి కదా అని."

వేశాను అన్న మాట నిజం. కోర్టులో బోనెక్కించి అడిగినా నిజమే. కెర్నెల్ దగ్గర వెయ్యడం వేరు, ఎక్కడం వేరు. వేసింది డిస్కులో పడుంటుంది. మెషీను ఆగి లేచినప్పుడే తలకెక్కుతుంది, అందాకా తికమకపడే పాత మనిషే గుత్తి పట్టుకుని కూర్చుంటాడు. ఈ తేడా ఆ పని చేసేవాళ్ళకి తప్ప బయటివాళ్ళకి పట్టదు. ఆ కంపెనీలో ఆ పని తెలిసినవాళ్ళు ఇద్దరే.

కస్టమర్లందరికీ మెసేజ్ వెళ్ళింది. అన్ని మెషీన్లకూ ప్యాచ్ వేశాం, నిశ్చింతగా ఉండండి. తీగలాయన ఫోనుకీ వచ్చింది. చదివి జేబులో పెట్టుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం చిన్నోడు భోజనానికి అక్క ఇంటికి వచ్చాడు. వారానికోసారి వస్తాడు. వచ్చిన రోజు ఆవిడ కూర ఒకటి ఎక్కువ చేస్తుంది, అది భర్త లెక్కపెడతాడు.

"ఏంట్రా మెడ అలా సన్నబడిపోయింది? ఆ టై బిగించి బిగించి ఊపిరాడటం లేదా?" అంది ఆవిడ, తమ్ముడి పళ్ళెంలో వడ్డిస్తూ.

"మేనేజరు మెడ అక్కా. అందరూ పట్టుకుంటారు కదా, అరిగిపోయింది."

"మా ఆయన మెడ చూడు, పెళ్ళప్పటి నుంచీ అలాగే ఉంది. ఎటూ తిరగదు."

తీగలాయన తల వంచుకుని తింటున్నాడు. ఆయన చొక్కా కుర్చీ మీద వేలాడుతోంది. మోచేతి దగ్గర చిరుగుకి ఆవిడ పొద్దునే గుడ్డముక్క వేసి కుట్టింది.

"మీరిద్దరూ ఫోన్లలో ప్యాచ్ ప్యాచ్ అంటుంటారు. అంటే మాసికే కదరా?"

"అంతే అక్కా. చిరిగినచోట మాసిక."

"ఓస్, ఇంతేనా. దీనికోసమా ఒకడు టై కట్టేది, ఒకడు ఏసీలో కూర్చునేది? సూదీ దారం నాకివ్వండి, ఇద్దరి జీతమూ నేనే తెచ్చుకుంటాను."

చిన్నోడు పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే కూర గిన్నె తనవైపు లాక్కుని, గరిటె తిప్పుతూ, బావ వంక చూడకుండా అడిగాడు. "ఇంతకీ పెద్దామె ఎలా లేచింది బావా? ఇబ్బంది పెట్టిందా?"

తీగలాయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు.

"మామూలే."

"డిస్కు కొట్టుకోలేదా?"

"కొట్టుకుంటే చెప్పనా?"

"చెబుతావులే. నాకు చెప్పక ఇంకెవరికి చెబుతావు." చిన్నోడు గరిటె గిన్నెలో వదిలేశాడు. కూర వేసుకోనే లేదు. గ్లాసెడు నీళ్ళు గటగటా తాగి, ఖాళీ గ్లాసులోకి ఇంకాసేపు చూశాడు. "ఏదైనా ఉంటే చెప్పు బావా. మనలో మనకేంటి."

"ఏముంటుంది?"

"ఏమీ లేకపోతే మంచిదే."

వాడు వెళ్ళాక ఆవిడ పళ్ళాలు తీస్తూ అంది. "వాడేదో అడగాలనుకుని మింగేశాడు."

"నీ తమ్ముడు మింగేరకం కాదు, మింగించేరకం," అన్నాడు తీగలాయన. చొక్కా తొడుక్కుని, మాసిక వేసిన చేతిని ఓసారి మడిచి చూసుకుని వెళ్ళిపోయాడు.

గురువారం ఏమీ జరగలేదు. ఆయన బకెట్టు ఒంపాడు, పెద్దామె వెనకవైపు దుమ్ము దులిపాడు, ఇంకెంత, మూడు రోజులు, అనుకున్నాడు.

శుక్రవారం పొద్దున తాళం తీస్తుండగానే ఫోను మోగింది. పళ్ళ డాక్టరమ్మ. తన వాటా తెరుచుకోవడం లేదంది. తెరుచుకుంది కానీ లోపల తనది కానిదేదో ఉందంది. ఆయన చెప్పుల్తోనే గదిలోకి వెళ్ళి తెర వెలిగించాడు. డాక్టరమ్మ వాటాలో ఫైళ్ళన్నిటి పేర్లూ గజిబిజి అక్షరాలయ్యాయి. పైన ఒక లైను. డబ్బు పంపితే తాళం చెవి ఇస్తాం. పక్క వాటా తెరిచాడు. అదే లైను. ఆ పక్కది. అదే. పెద్దామెలో అరవై తలుపుల మీదా ఒకే చేతి రాత. కోడళ్ళ జోలికి ఎవరూ పోలేదు.

వాటాల నకళ్ళు కూడా పెద్దామె రెండో డిస్కులోనే ఉండేవి. నకళ్ళకి విడిగా ఇంకో చోటు అద్దెకి తీసుకుందామంటే ఓనరు వచ్చే ఏడాది చూద్దాం అన్నాడు. గుత్తి మొత్తం చేతిలో పడ్డవాడికి రెండో డిస్కు ఒక లెక్కా? అవీ పోయాయి.

చిన్నోడు పరిగెత్తుకొచ్చి, ముందు నెట్టు తీగ పీకేశాడు. తర్వాత పీట లాక్కుని కూర్చుని, ఎవడు ఎటునుంచి వచ్చాడో వెతికాడు. ఎక్కువసేపు పట్టలేదు. వచ్చినవాడు టైలరు తలుపు తోసుకుని వచ్చాడు. టైలరు అని కొట్టి టైలరు ఇంట్లో దూరాడు. అక్కడినుంచి రెండు పనులు ఒక్క క్షణంలో అడిగాడు. అంతే.

తీగలాయన నిలబడే ఉన్నాడు. చిన్నోడు తెర మీద ఒక చోట వేలు పెట్టి ఊరుకున్నాడు. అక్కడ కెర్నెల్ నంబరు ఉంది. పాతది. ఇద్దరూ ఆ నంబరు చదివారు.

ఓనరు గదిలో ఫోను మోగుతూనే ఉంది. ఆయన దాన్ని బోర్లా పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ప్యాచ్ వేశాం అని ఊరందరికీ చెప్పాం. వేశామా లేదా?"

"వేశానండీ," అన్నాడు తీగలాయన.

ఓనరు చిన్నోడి వైపు తిరిగాడు. చిన్నోడు చేతులు వెనక కట్టుకుని, నేల మీద రెండు పలకలు కలిసే గీత వైపు చూస్తూ చెప్పాడు. "వేశారండీ. సోమవారం వేసినట్టు మెషీన్లో ఉంది. ఆపి లేపలేదు. కొత్త తాళం కొని సొరుగులో పెట్టినట్టు. తలుపుకి పాతదే ఉంది."

"ఎందుకు లేపలేదు?"

ఇది తీగలాయనని. లేవకపోతే నా బతుకు లేవదని, అనలేదు ఆయన. "ఆదివారం చేద్దామనుకున్నానండీ. ఆదివారం అయితే ఎవరికీ ఇబ్బంది ఉండదని."

"అలాగని చెప్పావా ఎవరికైనా?"

ఓనరు కళ్ళజోడు పెట్టుకున్నాడు. చిన్నోణ్ణి అడిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

అప్పుడు చిన్నోడు తలెత్తాడు. వాడు ఇవాళే అని ఉంటే సరిపోయేది. పొద్దున్నే అని ఉంటే తీగలాయన కూడా నమ్మేవాడు. వాడు అబద్ధం చెప్పలేదు. "బుధవారం పొద్దున చూశానండీ. నంబరు మారలేదని."

తీగలాయనకి కూర గిన్నె గుర్తొచ్చింది. తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయిన గరిటె.

"చూసి?" అన్నాడు ఓనరు.

"ఆయన ఇంట్లో పెద్దవారండీ. నేను పట్టుకున్నట్టు ఉండకూడదని. ఆయనే చెబుతారేమోనని అడిగి చూశాను. మామూలే అన్నారు. సరే, ఇంకో రోజు ఆగుదామని ఆగాను."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. బోర్లా పెట్టిన ఫోను బల్ల మీద సన్నగా వణుకుతోంది. ఓనరు నెమ్మదిగా తలూపాడు. ఆ ఊపు చూసి తీగలాయనకి అర్థమైపోయింది, ఎవరి లెక్క ఎటు రాసుకున్నాడో.

"చూశావా," అన్నాడు ఓనరు. "నీ పరువు పోకూడదని వాడు రెండు రోజులు నోరు మూసుకున్నాడు. నువ్వు వాడికే అబద్ధం చెప్పావు."

"నేనూ ఆగానండీ," అన్నాడు తీగలాయన. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "వాడికి తెలుసు. లేపమని ఒక్క మాట అంటే లేపేవాణ్ణి. తానే లేపొచ్చు, మీట తెలీదా? నేనాగితే అబద్ధమూ, వాడాగితే మర్యాదానా?"

"నువ్వాగడం వేరు, వాడాగడం వేరు."

"ఎలాగండీ?"

ఓనరు ఫోను తిప్పి చూసి, మళ్ళీ బోర్లా పెట్టాడు. చిన్నోడు మళ్ళీ పలకల గీత వైపు తల దించాడు. నిజంగానే వాడు బావ పరువు కోసం ఆగాడో, పెద్దామె పడకేస్తే తన అద్దె మాట నెగ్గుతుందని ఆగాడో, బహుశా వాడికీ తెలిసుండదు. రెండూ ఒకే నోరు మూసుకుని చేసే పనులే.

"ముందు దాన్ని ఆపి లేపండి," అన్నాడు ఓనరు. "మిగతాది తర్వాత."

గదిలోకి ముగ్గురూ వెళ్ళారు. ఓనరు కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడ్డాడు. తీగలాయన పెద్దామె తలుపు విప్పి, డిస్కు దగ్గర అరచెయ్యి పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. మీట చిన్నోడు నొక్కాడు. రొప్పు తగ్గి, తగ్గి, ఆగిపోయింది. కారే ఏసీ చుక్క బకెట్టులో పడిన చప్పుడు వినిపించింది. చిన్నోడు మళ్ళీ నొక్కాడు.

పెద్దామె లేచింది. దగ్గలేదు, టకటకలాడలేదు. అరచేతి కింద డిస్కు ఒక్కసారి వెచ్చగా కదిలి, నున్నగా తిరగడం మొదలుపెట్టింది. తెర మీద లైన్లు పరిగెత్తాయి. కెర్నెల్ కొత్త నంబరు పడింది. ఓనరు చేతిలో కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది.

"ఇంతేనా?" అన్నాడు ఓనరు.

తీగలాయన చెయ్యి అక్కడినుంచి తీయలేదు. తీస్తే దేనికోసం పెట్టినట్టు?

మధ్యాహ్నం డాక్టరమ్మ స్వయంగా మెట్లెక్కి వచ్చింది. తెల్లకోటు మడిచి చేతి మీద వేసుకుంది. తన క్లినిక్కు రికార్డులన్నీ మెషీన్లోకి ఎక్కించి, ఏది ఎక్కడుందో పక్కన కూర్చుని నేర్పింది తీగలాయనే. అందుకని చిన్నోడి బల్ల దాటి తిన్నగా ఆయన దగ్గరికే వచ్చింది.

"ఏమీ రావా అండీ?"

"ప్రయత్నిస్తున్నామమ్మా."

"వస్తాయా రావా చెప్పండి. నేను చెయ్యాల్సింది చూసుకుంటాను."

"రావు."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. "ఎక్స్‌రేలు మళ్ళీ తీస్తాను, పోనివ్వండి. ఎవరికి ఏ మత్తుమందు పడదో అంతా అందులోనే ఉంది. పొద్దున ఒకాయన వాచిన దవడతో వచ్చాడు. పోయిన ఏడాది ఆయనకి ఏదో ఇంజెక్షను పడక ఊపిరాడలేదు. అంతవరకు గుర్తుంది. అది ఏ ఇంజెక్షనో గుర్తులేదు. ఆయనకీ గుర్తులేదు. నొప్పితోనే పంపేశాను." చెయ్యి కోటు మీద వేసి ముడతలు సర్దింది. "సోమవారం మెసేజ్ వచ్చింది కదా, వేశాం అని."

"వేశామమ్మా."

"మరి?"

ఇన్నేళ్ళలో ఆయన ఎందరికో ఎన్నో చెప్పి నచ్చజెప్పాడు. వాటాలనీ గోడలనీ గుత్తులనీ. వెయ్యడానికీ ఎక్కడానికీ తేడా ఈవిడకి చెప్పడానికి నోరు తెరిచాడు. దవడ వాచిన మనిషి ముందు ఆ తేడా ఎక్కడ పెట్టాలో తెలియక మూసేశాడు.

"పాస్‌వర్డు ఎవరిదో టైలరుదట," అన్నాడు చివరికి.

ఆవిడ ఆయన వంక చూసింది. కోపం కాదు. పుచ్చిన పన్ను ఉంచాలా పీకాలా అని చూస్తారే, అలాంటి చూపు. లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో తీగలాయన ఒకటికి మూడుసార్లు చెప్పాడు. ప్రతిసారీ బుధవారం పొద్దున దగ్గర గొంతు పెరిగింది. "తెలిసి వచ్చి నా ఇంట్లో నా కూడు తిన్నాడు. నా పళ్ళెం ముందు కూర్చుని నన్ను పరీక్ష పెట్టాడు. నీ తమ్ముడు!"

ఆవిడ బట్టలు మడతపెడుతోంది. "నువ్వు వేశావా?"

"వేశాను అంటున్నాగా!"

"లేపావా?"

తీగలాయన లేచి గ్లాసులో నీళ్ళు ఒంపుకున్నాడు.

"వాడడిగితే లేచిందన్నావు. నేనిక్కడే ఉన్నాను. నా చెవులతో విన్నాను." చొక్కా చేతులు రెండూ వెనక్కి మడిచి గుండీలు పెట్టింది. "వాడు తెలిసి ఊరుకున్నాడు. నువ్వూ తెలిసి ఊరుకున్నావు. ఇద్దరికీ నేనే వడ్డించాను. నాకే తెలీదు."

"అయితే నాదే తప్పంటావు?"

"అంటే ఏం చేస్తావు, ఇంకో అబద్ధం ఆడతావా?" అని, మడతల దొంతర ఎత్తుకుని లోపలికి పోయింది. కాసేపటికి లోపలినుంచే అంది. "వాణ్ణి ఇక భోజనానికి పిలవను. నీకోసం కాదు. వాడికి వడ్డించాలంటే నాకే చెయ్యి రాదు."

వచ్చే నెల నుంచి రానక్కర్లేదని ఓనరు సోమవారం చెప్పాడు. తిట్టలేదు. ఇన్నేళ్ళు చేశావు, అన్నాడు. నీ వయసులో నీకూ విశ్రాంతి కావాలి, అన్నాడు. అద్దె మెషీన్ల కాగితాల మీద అప్పటికే సంతకాలైపోయాయి. ఎక్కడో ఉన్న ఆ మెషీన్లకి ప్యాచ్‌లు ఎవరో వేస్తారట, ఎవరో లేపుతారట. చిన్నోడి పని నెలనెలా బిల్లు చూడటం. పెద్దామెనీ కోడళ్ళనీ ఇనప సామాన్లు కొనేవాడు వచ్చి తూకానికి తీసుకెళ్ళాడు. తీగలు కోసేశారు. ఏసీలు విప్పేశారు.

చివరిరోజు తీగలాయన తాళం చెవి అప్పజెప్పడానికి వెళ్ళేసరికి గదిలో వడ్రంగి ఉన్నాడు. కింద బట్టల దుకాణంవాళ్ళు ఆ గది అద్దెకి తీసుకున్నారు, సరుకు పెట్టుకోవడానికి. గోడల నిండా చెక్క అరలు కొట్టాలట. చెవి తీసుకోవాల్సిన చిన్నోడు ఎక్కడికో పోయాడు, వస్తాడు, కూర్చోండి, అన్నారు. కూర్చోవడానికి గదిలో ఏమీ లేదు.

"అయ్యా, ఖాళీయేనా? ఈ చివర కాస్త పట్టుకోండి," అన్నాడు వడ్రంగి. కొలత టేపు చివర చేతికిచ్చి, రెండో చివరతో అవతలి గోడ దాకా వెనక్కి నడిచాడు. తీగలాయన పట్టుకున్నాడు. గోడకి ఆనించమంటే ఆనించాడు. చట్రం బిగించిన మేకుల బెజ్జాలు చేతికి తగిలాయి.

"పన్నెండడుగులు," అని వడ్రంగి గట్టిగా చదివి చెవి మీది పెన్సిలు తీశాడు. "ఇటు రండి. వెడల్పు. ఆ మూలకి. కాస్త కిందికి. అలాగే ఉంచండి." తీగలాయన బకెట్టు ఉండేచోట వంగి టేపు ఆనించాడు. అక్కడ నేల మీద గుండ్రటి మరక ఇంకా పోలేదు. "తొమ్మిది. సరిగ్గా తొమ్మిది. కిటికీ లేదేంటండీ? ఇందులో ఇంతకుముందు ఏముండేది?"

"ఏవో మెషీన్లు."

వడ్రంగి గోడ మీదే గుణించాడు. నూట ఎనిమిది చదరపు అడుగులు.